నడిమి గేరు

మూడు పళ్లు రాలిపోయాయి.
హవల్దారు ఏసుపాదం గారివి కావు, ఆయనవి ఏనాడో పోయాయి.
జీపువి.

గేరుబాక్సు వెనక ఇంకో చిన్న పెట్టె ఉంటుంది.
దాని మధ్యలో తిరిగే గేరు,
నాలుగు చక్రాలకీ బలం పంచిపెట్టేది అదే.
విప్పి ఆయిలు ఒంపితే
పళ్లెంలో టంగు, టంగు, టంగు.

యుద్ధమప్పుడు ఓడ దిగిందంట ఆ బండి.
ఎవరిని మోసిందో, ఎవరిని తరిమిందో నాకు తెలీదు.
నాకు తెలిసిన చరిత్ర వేలంపాట నుంచి మొదలు:
తణుకు దగ్గర మిల్లుకి ధాన్యం లాగింది,
రెండు ఎన్నికలకి మైకు కట్టుకుంది,
ఆనక పదహారేళ్లు అరటితోటలో
కోళ్లు పొదిగేందుకు చోటిచ్చింది.
పెట్టల్ని దింపి మరీ కొన్నారు హవల్దారు గారు,
రావులపాలెంలో నా షెడ్డు దాకా
ట్రాక్టరుకి కట్టి తెచ్చారు.

గేరు ఒక్కటే కావాలి.
మండపేటలో "ట్రాక్టరుదేమో" అన్నారు.
కాకినాడ పాత ఇనుము కొట్లో
ఆ కంపెనీ పేరు చెబితే, అది బిస్కెట్లదా అన్నారు.
"బొంబాయిలో దొరుకుద్ది" అన్నవాడు
అన్నవరం దాటి ఎరగడు.

ఊరూరా ఇనుము మోయలేక
కాలవగట్టున ఒండ్రు ముద్ద తీసి
దానిమీద గేరుని గుద్దాను.
మట్టిలో పువ్వు పడింది,
మూడు రేకులు తక్కువ పువ్వు.
గోనెగుడ్డలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు
నెల్లాళ్లు బస్సుల్లో తిప్పాను.

లేతు మావుళ్లు వెర్నియరు పెట్టి చూశాడు.
"ఒండ్రు ఎండితే ముడుచుకుపోద్ది గురూ.
ఇది జీపుది కాదు, జీపు పిల్లది."
అంటే నెల్లాళ్లూ నేను
లోకంలో లేని గేరుని వెతికాను.

నరసాపురం వెళ్లింది దానికోసం కాదు,
ఐసు మర ఆగిపోయిందంటే.
పని అయ్యాక రేవులోకి దిగితే
పేరంటాలు చేపలు తూస్తోంది.
తక్కెడలో ఒక వైపు కట్టిపరిగెలు,
రెండో వైపు
నా గేరు.

ఉప్పుగాలి తిన్నా పళ్లన్నీ ఉన్నాయి.
కన్నంలోంచి తీగ దూర్చి బోల్టు కట్టింది,
బోల్టుతో కలిపి సరిగ్గా కిలో.

కొంటానన్నాను. తలెత్తలేదు.
"ఇది ఇనుమేటండీ, ఇది నా కిలో.
మా అత్త చేతిది. రేవంతా దీన్నే నమ్ముద్ది.
పట్టుకుపోతే రేపు దేంతో తూచమంటారు?"
ముద్ర వేసిన కొత్త రాయి కొనిస్తానన్నాను.
"ముద్రలున్న రాళ్లతోనే కదండీ
షావుకార్లు మా రొయ్యలు తూసేది."

మర్నాడు విరిగిన గేరుతో వెళ్లాను.
ఆమే బోల్టు విప్పింది.
అటు ఆమెది, ఇటు నాది.
నాది పైకి లేచింది.
రాలిన పళ్లు అగ్గిపెట్టెలో ఉన్నాయి,
హవల్దారు గారు పారెయ్యనివ్వలేదు.
గుడ్డలో మూటకట్టి వేలాడదీశాను.
ఇంకా కాస్త తేడా.
"అది అరుగుదల" అన్నాను.
ఎనభై ఏళ్లు తిరిగి తిరిగి
ఏ దారిలో ఎంత పోగొట్టుకుందో.

వల అంచు నుంచి సీసపు గుండు ఒకటి తెంపి
పేరంటాలు దానికి కలిపింది.
"ఇప్పుడు సరేనా?" అనడిగింది,
నన్ను కాదు, ముల్లుని.
ముల్లు నిలబడింది.
ఐదొందలు కూడా తీసుకుంది, అది వేరే సంగతి.

గేరు ఎక్కించాం. తిరిగింది.
కిరసనాయిలుతో మూడుసార్లు కడిగినా
పెట్టె వేడెక్కితే చేపల వాసన.
హవల్దారు గారు ఓ చేత్తో ముక్కు మూసుకుని
లో గేరులో గట్టెక్కించారు.
కొంగలు లేచి, కొంచెం అవతల వాలాయి.

స్పీడోమీటరు ముల్లు మాత్రం కదల్లేదు.
దాని తీగ ఎవరి దడి తలుపుకి చుట్టి ఉందో,
రేపటినుంచి దడులు చూసుకుంటూ నడవాలి.